దుబాయి గోలి మిషన్

దుబాయి నుంచి వచ్చినవాడు ఏం తెస్తాడు? టేప్ రికార్డరు తెస్తాడు, సెంటు సీసాలు తెస్తాడు, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని ఇంట్లో కూడా తిరుగుతాడు. ఆర్మూర్ పక్కనున్న పెర్కిట్ ఊరి రాజేశ్వర్ ఇవన్నీ తెచ్చాడు, వీటితోపాటు ఒక ఫోటో కూడా తెచ్చాడు. 1989లో, పసుపు సీజను ఇంకా మొదలుకాకముందు, ఆ ఫోటో పట్టుకుని ఆర్మూర్ అంతా తిరిగి తిరిగి చివరికి భూమయ్య మోటారు వైండింగు షాపుకొచ్చి కూలబడ్డాడు.

ఫోటోలో ఒక రంగురంగుల పెట్టె ఉంది. దాని ముందు రాజేశ్వర్ ఉన్నాడు. అయ్యగారు ఎంత ఠీవిగా నిలబడ్డారంటే సగం పెట్టె ఆయన వెనకే దాక్కుంది. పైన అద్దం కనిపిస్తోంది, లోపల వెలుగుతున్న బల్బులు కనిపిస్తున్నాయి, బటను మీద ఆయనగారి ఉంగరం వేలు కనిపిస్తోంది. కింద కాళ్లున్నాయా, చక్రాలున్నాయా అంటే దేవుడికే ఎరుక.

"గిది పిన్‌బాల్ మిషనన్నా," అన్నాడు రాజేశ్వర్. "స్ప్రింగు గుంజి ఇడిస్తె ఇనుప గోలి పైకి ఉరుకుతది. ఆడీడ కొట్టుకుంట కిందికొస్తది. గీ రెండు రెక్కలతోని మల్ల పైకి తన్నాలె. తన్నకపోతె ఖేల్ ఖతం. మా క్యాంపు పక్క హోటల్ల ఉండె. శుక్రారం వస్తె దాన్ని ఇడిసేటోన్ని కాదు."

"మంచిగనే ఉంది. మనకేం పని దాంతోని?" అన్నాడు భూమయ్య.

"గట్లంటవేందే! పసుపు తెచ్చిన రైతులు కాంటా అయ్యేదాంక మార్కెట్ కాడ ఊకెనే కూసుంటరు. ఆడ ఒక రేకుల షెడ్డు ఏసి గిది వెడితె చూడు, జనం తిరునాలకు వచ్చినట్టు వస్తరు. కొనుక్కరావాల్నంటె అయ్యే పని కాదు. మనమే చెయ్యాలె."

భూమయ్యకు నలభై అయిదేళ్లుంటాయి. కాలిపోయిన మోటారు కనిపిస్తే అన్నం మర్చిపోయే రకం. ఫోటోను అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, రెక్కలు ఎలా తన్నుతాయో నాలుగు ప్రశ్నలడిగాడు. "కాయిల్‌కు కరెంటిస్తె ఇనుపకడ్డీని లోపటికి గుంజుతది. దానికి రెక్కను కట్టాలె. గంతే కద! అయితది తీ," అన్నాడు. అంతే, మూడు నెలల పాటు ఊళ్లో పంపుసెట్లు కాలినవాళ్లంతా ఆయన్ని తిట్టుకుంటూ తిరిగారు.

ఇంతవరకూ విని కథ రాజేశ్వర్‌దనో భూమయ్యదనో అనుకునేరు. కాదు. కథ గంగామణిది.

భూమయ్య షాపు వెనక ఒక పాత పసుపు కల్లం ఉంది. ఉడికిన కొమ్ములు ఆరబోయడానికి ఎవరో పెద్ద రైతు వేయించిన సిమెంటు నేల అది. నీళ్లు నిలవకూడదని పక్కనున్న మోరీ కాలవ వైపుకు వాలుగా పోయించాడు. ఆ రైతు పోయాడు, పసుపు పోయింది, వాలు మిగిలింది. ఇప్పుడక్కడ రేకుల కింద గంగామణి, ఇంకో నలుగురు ఆడవాళ్లు ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చుడతారు. బీడీకి కట్టే దారం ఉండ ఒళ్లోంచి జారిందంటే, మోరీ దాకా పోయిగానీ ఆగదు. ఎనిమిదేళ్లుగా గంగామణి రోజుకు పదిసార్లు లేచి, దాని వెంట పరుగెత్తి, "నీ పాడుగాను! నిన్ను ఆ మోరీకే ఇచ్చి పెండ్లి జేస్త," అని తిట్టి తెచ్చుకుని కూర్చునేది.

ఆ చాటంటే గంగామణికి విసుగు పుట్టి చాలా కాలమైంది. మెడ నొప్పి, వేళ్ల నిండా తంబాకు వాసన, అన్నం ముద్దలో కూడా అదే వాసన. చుట్టినవాటిలో ఇది లావు, ఇది సన్నం అని కంపెనీవాడు ఏరి పారేస్తుంటే కడుపు మండేది. కిటికీలోంచి భూమయ్య మోటార్లు విప్పడం, రాగి తీగ చుట్టడం చూసీ చూసీ ఆ పని పట్టుబడింది. ఒకరోజు ఆయన లేనప్పుడు సగంలో ఆగిన కాయిల్‌ను పూర్తిచేసి పెట్టింది. ఆయన వచ్చి చూశాడు, తిట్టబోయాడు, చుట్టు మీద చుట్టు ఎలా కూర్చుందో చూసి దాన్ని అలాగే మోటారులో బిగించాడు. అప్పటినుంచి అడపాదడపా పని చెప్పేవాడు. కానీ షాపులో బల్ల దగ్గర కూర్చోబెట్టమంటే మాత్రం, "ఆడమనిషి మెకానిక్ ఏడనన్న ఉన్నదా?" అనేవాడు.

గోలి మిషనుకు ఆరు కాయిళ్లు కావాల్సి వచ్చినప్పుడు గంగామణి అదను దొరికించుకుంది. "అన్నా, ఆరు కాయిళ్లు నేనే చుడత. మిషన్ ఆడితె నాకు షాపుల బల్ల ఇయ్యాలె," అంది.

భూమయ్య మీసం కింద నవ్వుకున్నాడు. "సరే తియ్. ఆడితె బల్ల నీది. ఆడకపోతె నీ చాట నీది. మల్ల బల్ల మాటెత్తొద్దు."

"ఎత్తను తీ," అంది గంగామణి.

ఒక్కో కాయిల్‌కు ఏడువందల చుట్లు అని భూమయ్య చెప్పాడు. మొదటిది చుట్టి తెచ్చింది. ఆయన చేత్తో తూచినట్టు పట్టుకుని, "గిది బరువెక్కువుంది. ఎన్ని చుట్లేసినవ్?" అన్నాడు.

"ఇరవై ఎనిమిది కట్టలు."

"కట్టలేందే?"

"బీడీ కట్టకు ఇరవై అయిదు కదన్నా. ఇరవై ఎనిమిది కట్టలైతె ఏడునూర్లు. మీద ఇంకో కట్ట ఏసిన."

"అదెందుకేసినవ్?"

"కంపెనీల కొన్ని ఏరి పారేస్తరు కద! ఎప్పుడైన ఒక కట్ట ఎక్కువే చుడత నేను."

భూమయ్య నెత్తి కొట్టుకున్నాడు. "ఓ తల్లీ, గిది కంపెనీకి వోదు. నా తీగ దండుగ జెయ్యకు!" ఆ కట్టను గంగామణి విప్పింది. ఈ ముచ్చట సాయంత్రానికల్లా బజారంతా తెలిసింది. వారం రోజులపాటు కనిపించినవాళ్లంతా, "ఏం గంగామణీ, ఎన్ని కట్టలైనయ్?" అని అడిగారు. ఆమె కూడా నవ్వేసింది. కానీ ఆ తర్వాత చుట్టిన అయిదింటిలో ఒక్క చుట్టు అటూ ఇటూ కాలేదు.

పెట్టె పని వడ్రంగి లచ్చన్నది. అరవై దాటినా చెయ్యి వణకని మనిషి. ఆయన బిగించిన తలుపును ఎక్కడ తెరిచి వదిలితే అక్కడే ఆగుతుంది, తనంతట తాను మూసుకోదు, తెరుచుకోదు. సంచిలో ఎప్పుడూ ఒక రసమట్టం ఉంటుంది. అందులోని నీటిబుడగ సరిగ్గా నడిమధ్య నిలబడేదాకా ఆయన ఏ పనికీ అయిందనడు. రాజేశ్వర్ "బల్ల మీద ఆట" అన్నాడు, ఫోటోలో కాళ్లు కనబడలేదు. లచ్చన్న క్యారంబోర్డు లాంటి బల్ల చేసి, నాలుగు కాళ్లూ వెంట్రుకవాసి తేడా లేకుండా కోసి బిగించాడు. గోలి కిందికి ఎందుకు దిగుతుందని ఆయన అడగలేదు, రాజేశ్వర్ చెప్పలేదు. పాపం, ఆడినవాడికి గోలి మీదే కన్ను గానీ బల్ల మీద ఎందుకుంటుంది?

బొమ్మలు వేసే పని ధర్మయ్యది. ఆర్మూర్‌లో ఏ దుకాణం బోర్డు చూసినా ఆయన చెయ్యే. రాకెట్టు వేస్తాను, చంద్రుణ్ని వేస్తాను, చుట్టూ చుక్కలు వేస్తాను అని పట్టుబట్టాడు.

"చంద్రునికాడికి ఎవలు వోతున్నరన్నా మన దగ్గర?" అంది గంగామణి. "అందరు వోయేది దుబాయికి. పెర్కిట్ కాడ గోలిని ఇడువు. నడుమ బస్టాండు, మార్కెట్ యార్డు, గుట్ట. పైన దుబాయి. గోలి దుబాయి బొక్కల వడితె వెయ్యి పాయింట్లు."

"కింద రెక్కల నడుమ సందు ఉంటది కద, ఆడ వడితె గోలి వోతది. దానికేం పేరు వెట్టాలె?" అని రాజేశ్వర్ అడిగాడు.

"బొంబాయి ఏజెంటు," అంది గంగామణి తడుముకోకుండా.

అందరూ పగలబడి నవ్వారు. ఎందుకంటే గంగామణి మొగుడు బుచ్చన్న దుబాయి పోతానని పూలదండ వేసుకుని బొంబాయి పోయి, ఏజెంటు ఆఫీసు మెట్ల మీద తొమ్మిది రోజులు కూర్చుని, పాసుపోర్టు పట్టుకుని ఆ ఆఫీసు అద్దెకిచ్చినవాడికి కూడా దొరకకుండా పోయిన ఏజెంటును తిట్టుకుంటూ తిరిగొచ్చి, ఇప్పుడు ఆటో నడుపుతున్నాడు. అందరికంటే గట్టిగా బుచ్చన్నే నవ్వాడు. నవ్వి, తన ఆటో పాత హారను పీకి తెచ్చిచ్చాడు. గోలి దుబాయిలో పడితే ఆ హారను మోగాలి. పెళ్లిళ్లకు కట్టే సీరియల్ బల్బులు పాయింట్ల కోసం కట్టారు. లారీ బేరింగులోంచి తీసిన ఉక్కు గోలికి తుప్పు ఉందని, పసుపు కొమ్ములకు మెరుగు పెట్టే డ్రమ్ములో వేసి తిప్పించారు. తుప్పు పోయింది, మెరుపొచ్చింది. నలుగు పెట్టిన పెళ్లికొడుకులా పచ్చగా తయారై బయటపడింది.

మిషన్‌ను కల్లంలో నిలబెట్టారు. షాపు కిటికీలోంచి వచ్చే వైరు అంతవరకే అందింది కాబట్టి, ముందు కాళ్లు మోరీ వైపు వచ్చాయి. రాజేశ్వర్ స్ప్రింగు లాగి వదిలాడు. గోలి పైకి ఉరికింది, బస్టాండును గుద్దింది, గుట్టను గుద్దింది, టంగుటంగుమంటూ కిందికొచ్చింది. రెక్కలు ఠపీమని తన్నాయి. బీడీల ఆడవాళ్లు చాటలు పక్కన పెట్టి లేచొచ్చారు. గంగామణికి కళ్లలో నీళ్లు తిరిగాయి. తను చుట్టిన తీగ తన్నుతోంది మరి!

లచ్చన్న ఒక్కడే మొహం చిట్లించాడు. "నేల వంకర ఉన్నది. మిషన్ మోరీ దిక్కు ఒంగింది. జర రెండు చెక్కముక్కలు వెడత ఆగుండ్రి."

"నడిచే మిషన్‌కు చెయ్యి వెట్టకు కాకా!" అని భూమయ్య కసిరాడు.

"సరే నాయినా. మార్కెట్ కాడ నేనెట్ల నిలవెడతనో చూడుండ్రి. బుడగ నడిమిట్లకెల్లి కదిలితె నా పేరు లచ్చన్న కాదు," అన్నాడాయన.

అన్నంత పనీ చేశాడు. పసుపు సీజను జోరు మీదున్న ఒక సోమవారం, మార్కెట్ యార్డు గేటు ఎదుట రాజేశ్వర్ వేసిన రేకుల షెడ్డులో, పొద్దున్నే వచ్చి ఆ మిషన్ కాళ్ల కింద ఒక్కో చెక్కముక్క దోపి, తీసి, చెక్కి, మళ్లీ దోపి, రసమట్టం నిలువునా పెట్టి, అడ్డంగా పెట్టి చూశాడు. బుడగ నడిమధ్య నిలబడి కదల్లేదు. అప్పుడు బీడీ ముట్టించి, "ఇగ కానియ్యుండ్రి," అన్నాడు.

జనం విరగబడ్డారు. ఏర్గట్ల నుంచి బండ్లు కట్టుకొచ్చిన రైతులు, హమాలీలు, ఆటోలవాళ్లు, గేటు దగ్గరి చాయ్ హోటలు మొత్తం అక్కడే ఉంది. గంగామణి కల్లంలోంచి లేచి, రొంటిన దారం ఉండ దోపుకున్నది దోపుకున్నట్టే పరుగెత్తుకొచ్చింది. సర్పంచి కొబ్బరికాయ కొట్టి, మిషన్‌లో ఆఠాణా, అదే అర్ధరూపాయి బిళ్ల, వేసి, స్ప్రింగు లాగి వదిలాడు.

గోలి పైకి ఉరికింది. బస్టాండును గుద్దింది, గుట్టను గుద్దింది, మెల్లగా దొర్లింది. దొర్లి మార్కెట్ యార్డు బొమ్మ నడిమధ్య ఆగిపోయింది. ఆగిందంటే ఆగింది. సర్పంచి బటను నొక్కాడు. రెక్కలు ఉత్తగాలిని తన్నాయి. గోలి అక్కడే కూర్చుని అందరినీ చూసింది.

"దుబాయి వోతనని బయలెల్లి మార్కెట్లనే కూసున్నదేందిరా?" అని ఒక హమాలీ అరిచాడు.

"కాంటా కాలేదు గావచ్చు!" అన్నాడింకొకడు. షెడ్డు రేకులు ఎగిరిపోయేలా నవ్వారు జనం.

రాజేశ్వర్ నల్ల కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. మళ్లీ వదిలారు. ఈసారి గోలి గుట్ట పక్కన ఆగింది. భూమయ్యకు చెమటలు పట్టాయి. పట్టేసరికి కోపమొచ్చింది, వచ్చిన కోపం ఎవరి మీదో పడాలి కదా. "కాయిళ్లల్ల దమ్ము లేదు. గోలిని సక్కగ కొడుతలేవు. నీ కట్టల లెక్కలతోని నా ఇజ్జత్ తీసినవ్ గంగామణీ! నాదే బుద్ధి తక్కువ. పో, వొయ్యి నీ చాట వట్టుకో!" అన్నాడు, అందరి ముందూ.

గంగామణికి తల కొట్టేసినట్టయింది. వెనక్కి తిరిగి వెళ్లిపోదామనుకుంది. నిజంగానే ఎక్కడైనా లెక్క తప్పానా అని ఆరు కాయిళ్లనూ మనసులో మళ్లీ చుట్టుకొచ్చింది. తప్పలేదు. తప్పితే రెక్కలు అంత గట్టిగా ఎలా కొడతాయి? ముందుకొచ్చి బటను నొక్కింది. ఠపీ! మళ్లీ నొక్కింది. ఠపీ! కల్లంలో ఎలా తన్నాయో ఇప్పుడూ అలాగే తన్నుతున్నాయి. రెక్కల దాకా గోలి రావడం లేదు, అంతే. కల్లంలో ఎందుకు వచ్చింది మరి?

కల్లంలో మోరీ వైపు పోనిది ఏముంది కనుక!

రొంటిన ఉన్న దారం ఉండ తీసి మిషన్ అద్దం మీద పెట్టింది. అది పెట్టినచోటే బుద్ధిగా కూర్చుంది. ఎనిమిదేళ్లలో ఒక్కనాడూ అలా కూర్చోని ఉండ!

"లచ్చన్న కాకా, నీ చెక్కముక్కలు తియ్," అంది.

"ఏందీ?"

"ముంగట కాళ్లకున్నయి తీసి ఎనుక కాళ్ల కింద వెట్టు. ఎనుక దిక్కు లేవాలె."

లచ్చన్న మిషన్ కాలును రెండు చేతులా వాటేసుకున్నాడు. "పిచ్చిలేసిందా బిడ్డా? మట్టం వోతది! పొద్దుగాల్నుంచి వెట్టిన!"

"మట్టం ఉన్నందుకే ఆగుతుంది కాకా! మన కల్లం మోరీ దిక్కు వాలు ఉండె. గోలి గా వాలుకే ఉరికింది. నువ్వు తప్పు చెయ్యలేదు, మస్తు మంచిగ చేసినవ్. గంత మంచిగ చేస్తె అది ఏడికి వోతది చెప్పు?"

జనం మళ్లీ నవ్వారు గానీ ఈసారి ఆ నవ్వు వేరు. బుచ్చన్న ముందుకొచ్చి, "కాకా, జర కాలు ఇడువే," అని లచ్చన్నను మెల్లగా లేవదీశాడు. రాజేశ్వర్, భూమయ్య వెనక వైపు ఎత్తి పట్టుకున్నారు. గంగామణి వెనక కాళ్ల కింద చెక్కలన్నీ దోపి దారం ఉండ పెట్టింది. అది సర్రున జారి కిందపడింది.

"ఇంత ఉరుకుడు ఉరుకదు మా కాడ," అని ఒక చెక్క తీసేసింది. మళ్లీ పెట్టింది. ఈసారి నిదానించింది. "ఊహూఁ, గిప్పుడు బద్దకం జేస్తుంది." పల్చటి ముక్క ఒకటి దోపింది. మళ్లీ పెట్టింది. దారం ఉండ ఒక క్షణం ఆలోచించినట్టు ఆగి, కదిలి, ముందు మెల్లగా, తర్వాత కొంచెం తొందరగా, తనకు బాగా తెలిసిన ఆ నడకతోనే అంచు దాకా వచ్చింది. కింద పడకముందే పట్టుకుంది. ఎనిమిదేళ్లు దాని వెంట పరుగెత్తిన మనిషి, అది ఎంత దూరంలో ఎంత వేగం అందుకుంటుందో ఆమెకు తెలియదా!

"గిదే," అంది గంగామణి. "గిదే మా కల్లం నడక. ఇగ ఇడువుండ్రి గోలిని."

సర్పంచి స్ప్రింగు లాగాడు. పచ్చటి గోలి పెర్కిట్ దాటింది, బస్టాండును గుద్దింది, గుట్టను గుద్దింది, మార్కెట్ యార్డులో ఆగకుండా దిగి రెక్క మీదికొచ్చింది. సర్పంచి కంగారులో రెండు బటన్లూ ఒకేసారి నొక్కాడు, గోలి ఆ సందులోంచి బొంబాయి ఏజెంటు నోట్లో పడింది. గేటు దగ్గరి గిత్తలు బెదిరేలా అరిచారు జనం. తర్వాత బుచ్చన్న ఆడాడు. ఆయన గోలి కూడా నేరుగా ఏజెంటు దగ్గరికే పోయింది. "నా పాసుపోర్టు ఇయ్యరా దొంగా!" అని ఆయన అద్దం మీద కొడుతుంటే రైతులు కడుపులు పట్టుకున్నారు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి ఏర్గట్ల నుంచి వచ్చిన కమలవ్వ అనే ముసలామె, పసుపు చేతులతోనే బటన్లు నొక్కి, గోలిని దుబాయిలో వేసింది. ఆటో హారను పాం పాం అని మోగింది. కాంటా పిలిచినా చాలామంది పోలేదు.

భూమయ్య చాలాసేపు గంగామణి వైపు చూడలేదు. చివరికి రెండు చాయ్‌లు తెచ్చి ఒకటి ఆమె చేతిలో పెట్టాడు. "నలుగురి ముంగట అనరాని మాట అన్న. మనసుల వెట్టుకోకు చెల్లె," అన్నాడు.

"మనసుల ఏం వెట్టుకోలే అన్నా. బల్ల ఏడ వెడుతవో చెప్పు."

"కిటికీ కాడ. ఎలుతురు మంచిగొస్తది."

ఆ బల్లను లచ్చన్నే చేశాడు. ఎవరూ అడగకుండానే చేశాడు, మూడు రోజుల్లో తెచ్చి కిటికీ దగ్గర పెట్టి, కాళ్ల కింద చూసి, రసమట్టం పెట్టి, బుడగను నడిమధ్య నిలబెట్టి, "గిదన్న ఇట్లనే ఉండనియ్యి బిడ్డా," అని మరీ వెళ్లాడు.

గంగామణి చాట పట్టుకునే వచ్చింది. అందులో ఇప్పుడు తంబాకు లేదు, ఇత్తడి స్క్రూలు, రాగి తీగ చుట్టలు ఉన్నాయి. బల్ల మీద దాన్ని సర్దుకుంది. రొంటిన చెయ్యి పెడితే అలవాటుగా దోపుకొచ్చిన దారం ఉండ తగిలింది. తీసి బల్ల మీద పెట్టి, జారితే పట్టుకుందామని చెయ్యి అడ్డం పెట్టింది.

ఉండ కదల్లేదు. గంగామణి చెయ్యి తీసేసి, మొదటి మోటారు విప్పడం మొదలుపెట్టింది.